తలుపు దగ్గరి స్టూలు

కిషన్ పోయిన రోజు సాయంత్రం, సొరుగులో పాత కాగితాల అడుగున శశికళ టీచరుకు ఆ కాగితం దొరికింది. మాజీ సైనికులకు వైద్య కార్డులిస్తారని నోటీసు. దవాఖాన ఖర్చు సర్కారుదే. భార్యకూ వర్తిస్తుంది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. మర్నాడు వంద జిరాక్సులు తీయించింది.

అప్పటి నుంచి బడి వదలగానే ఆబిడ్స్‌లో దుకాణం దుకాణం తిరుగుతోంది. తలుపుల దగ్గర నిలబడే వాచ్‌మన్లలో పాత ఫౌజీలు చాలామందే ఉన్నారు. ఏజెంటేమోనని కొందరు మొహం తిప్పుకున్నారు. ఆమె మళ్లీ వెళ్లింది.

ఇవాళ నాంపల్లిలో ఆ కార్డులకు పేర్లు రాసుకునే క్యాంపుకు ఆఖరు రోజు. అయిదింటికి మూసేస్తారు. నాలుగుంబావు దాటింది. చీరల దుకాణం వాచ్‌మన్ పెంటయ్య ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడు. అతని భార్యకు కిడ్నీలు పాడయ్యాయి. ఫౌజు డిశ్చార్జి బుక్కు పొద్దుననగా జేబులో పెట్టుకుని వచ్చాడు గానీ, మేనేజరు శ్యామ్‌సుందర్ వదలడం లేదు.

"గాడ కార్డులిస్తున్నరని గీడ తలుపు ఇడిసిపెడ్తవా? పోతే పో. మళ్ల రాకు."

శశికళ సంచీ కింద పెట్టి, పెంటయ్య స్టూలు మీద కూర్చుంది.

"తలుపు నేను చూస్త. మీరు పోయి రాండ్రి."

టీచరమ్మ వాచ్‌మన్ పని జేస్తదంట అని గొణుక్కుంటూ శ్యామ్‌సుందర్ లోపలికి పోయాడు. పెంటయ్య మెట్లు దిగి, ఆగాడు.

"మీ ఇంట్ల గుడ ఫౌజీ ఉండెనా మేడమ్?"

"కిషన్ పదిహేడేండ్లు చేసిండు. కార్డు లేకుండనే పోయిండు."

అతను ఆటో ఎక్కాడు.

వచ్చేవాళ్లకు ఆమె తలుపు తీసింది. ఒక్కరూ ఆమె మొహం చూడలేదు. పోస్టాఫీసు వైపు ట్రాఫిక్ కదలడం మానేసింది. అయిదయింది. అయిదుంబావయింది. లోపలినుంచి చాయ్ వచ్చింది. తాగలేదు.

అయిదున్నరకు పెంటయ్య నడుచుకుంటూ వచ్చాడు. చొక్కా తడిసిపోయింది. పోయేటప్పుడు సగం దారిలో ఆటో దిగి పరుగెత్తాడట. చేతిలో రసీదు.

"ఆఖరు నంబరు నాదే. మీ కిషన్ సార్ పుణ్యం, మేడమ్."

శశికళ లేచి అతని స్టూలు అతనికి ఇచ్చింది. సంచీలోంచి ఫౌజీల జాబితా తీసి ముప్పై ఒకటో పేరు ఎదుట టిక్కు పెట్టింది.

బడి వాచ్‌మన్ కిషన్‌కు ఇవ్వమంటూ ఆ కాగితం మూడు నెలల ముందే హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీదికి, అంటే తన బల్ల మీదికే వచ్చిందని, అతని భార్య యాదవ్వకు ఆమె ఇంకా చెప్పలేదు.