గుయ్యిమనే చప్పుడు

"ఇంకా ఉండాది," అంది కల్యాణవల్లి.

మట్టికుండకు చెవి ఆనించి కూర్చున్న యతిరాజులు తల ఎత్తాడు. కుండ మూతి మీద స్పీకరు బోర్లించి ఉంది. దాన్నుంచి రెండు తీగలు బల్ల మీదున్న ఆంప్లిఫయరులోకి పోతున్నాయి. పాట ఏదీ పెట్టలేదు. పాట లేనప్పుడు వచ్చే చప్పుడు కోసమే భార్యాభర్తలిద్దరూ వింటున్నారు.

"నాకేం వినపడలేదే?"

"మీకు వినపడదులెండి. సన్నగా, దోమ పోయినట్టు గుయ్యిమంటా ఉండాది."

"మొన్నటికంటే తగ్గిందా?"

"తగ్గింది. తగ్గలేదంటే పాపం. కానీ ఉండాది."

యతిరాజులు స్విచ్చి ఆపి, సోల్డరింగ్ ఐరన్ వేడికి పెట్టాడు. "అయితే కండెన్సర్లు మార్చాల్సిందే."

ఆయన తిరుపతిలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తా. కాపురం తిరుచానూరులో. పిల్లల్లేని ఇల్లు. పోయిన ఎండాకాలం ఏదో పత్రికలో బొమ్మ చూసి, ట్రాన్సిస్టర్లు కొనుక్కొచ్చి, ఆంప్లిఫయరు తానే చేస్తానని కూర్చున్నాడు. మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు పక్కింటి చెంగమ్మ పరిగెత్తుకొచ్చి, "మీ ఇంట్లో తేనెతుట్టె యాడన్నా కదిలిందా?" అని అడిగింది. కల్యాణవల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

ఆ గుయ్యి పోగొట్టడం ఆయనకు పంతమైంది. ట్రాన్స్‌ఫార్మరు పెద్దది వేశాడు. లోపలి తీగలన్నీ పీకి, బయటి చప్పుడు పట్టకుండా సన్న జాలీ చుట్టిన తీగలు వేశాడు. చెక్కపెట్టె తీసేసి అల్యూమినియం పెట్టెలోకి మార్చాడు. మార్చిన ప్రతిసారీ పాట ఇంకా గట్టిగా, ఇంకా ఇంపుగా పలికేది. గుయ్యి మాత్రం పూర్తిగా పోయేది కాదు. కల్యాణవల్లి పట్టుకునేది.

ఈ పనిలో పడి ఆయన వీధి చివరి లాడ్జి అరుగు మీది కబుర్లు మానేశాడు. అంతకుముందు ఆఫీసు నుంచి రాగానే కాఫీ తాగి, భుజాన తువ్వాలు వేసుకుని అక్కడికే పోయేవాడు. తిరిగొచ్చేది భోజనానికే. ఇప్పుడు బస్సు దిగి తిన్నగా బల్ల దగ్గరికే. పక్కన ముక్కాలి పీట వేసుకుని ఆమె. చత్వారం వచ్చిన ఆయన కళ్ళకు రెసిస్టర్ల మీది రంగుగీతలు ఆనేవి కావు.

"గోధుమరంగు, నలుపు, ఎరుపు," అని చదివేది ఆమె. "వెయ్యి ఓములు. అవునా?"

"అవును. ఎవురు నేర్పినారే నీకు?"

"ఇంకెవురు? మీరే గదా. మర్చిపోయినారా?"

ఒకరోజు కల్యాణమండపం వరదయ్య వచ్చి, పాట విని తబ్బిబ్బయ్యాడు.

"సామీ, ఈ పెట్టె మా మండపానికిచ్చేయి. వచ్చే ముహూర్తాలకు ఊరంతా వింటారు. నీ పేరు బోర్డు మీద రాయిస్తా."

యతిరాజులు ముఖం వెలిగిపోయింది. వంటింట్లోంచి కల్యాణవల్లి గొంతు వినిపించింది.

"గుయ్యిమనే పెట్టెను శుభకార్యానికి ఎట్లిస్తారు? రేపు ఎవరన్నా ఒక మాటంటే?"

నిజమేననిపించింది ఆయనకు. "పూర్తిగా సరి చేసినాక ఇస్తాలే, వరదయ్యా," అన్నాడు.

కండెన్సర్లు మార్చినా ఆమెకు వినపడుతూనే ఉంది. చివరికి ఒక ఆదివారం సాయంత్రం, ఆమె అమ్మవారి గుడికి పోయిన వేళ, తిరుపతిలో రేడియోలు బాగుచేసే స్నేహితుడు దేవరాజులును పిలిపించాడు. దేవరాజులు కుండకు చెవి పెట్టి విన్నాడు. ఇంకో చెవి మార్చి విన్నాడు.

"ఏమప్పా, నాకేమీ వినపడలే. సుబ్బరంగా ఉండాది."

"బాగా విను. సన్నగా ఉంటాది."

"సన్నమూ లేదు, లావూ లేదు. ఆ కొత్త ట్రాన్స్‌ఫార్మరు వేసిననాడే పోయుంటాది. ఇంకా ఏం సేస్తా ఉండావు దీన్ని?"

"మా ఇంటామెకు వినపడతా ఉండాదప్పా. ఆమె చెవులే నాకు మీటరు."

దేవరాజులు పకపకా నవ్వాడు. "అయితే ఆ చెవుల్ని మా అంగడికి పంపించు. నాకు పని తగ్గుతాది." కాఫీ తాగి బస్సుకు పోయాడు.

యతిరాజులు చాలాసేపు బల్ల ముందు ఊరికే కూర్చున్నాడు.

కల్యాణవల్లి వచ్చింది. కాళ్ళు కడుక్కుని, ప్రసాదం ఆయన చేతిలో పెట్టి, ముక్కాలి పీట లాక్కుంది. గుడిలో జనం గురించి, పూలమ్మే ఆమె కోడలి గురించి గడగడా చెప్పి, ఆఖరున అడిగింది.

"ఈ పొద్దు ఏం మార్చినారు?"

"ఎర్తు తీగ కొత్తది వేసినా. విని చెప్పు."

ఆయన పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి, "ఊఁ," అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని కుండకు చెవి ఆనించింది. వీధిలో జట్కా ఒకటి పోయింది. ఆ చప్పుడు అణిగేదాకా ఆగి, మళ్ళీ శ్రద్ధగా విన్నది. ఆయన ఆమె ముఖాన్నే చూస్తున్నాడు. తలలో కొత్త మల్లెలు. కనుబొమల మధ్య చిన్న ముడి.

"బాగా తగ్గింది. కానీ..."

"కానీ?"

"యాడో అడుగున సన్నగా ఇంకా ఉండాది. రేపు చూస్తామా?"

యతిరాజులు పెట్టె వెనక నుంచి చెయ్యి తీసేశాడు.

"చూస్తాం. వరదయ్యను వేరే పెట్టె చూసుకోమని చెప్పేస్తా."

"అయ్యో, ఆశ పడినాడు పాపం."

"ఇది ఇప్పట్లో తెమిలే పని కాదులే, కల్యాణీ."

ఆమె ముఖం విప్పారింది. రెసిస్టర్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, రంగులవారీగా ఏరసాగింది.

ఆమె విన్నంతసేపూ ఆయన ఆంప్లిఫయరుకు కరెంటే ఇవ్వలేదు.