మూడో రెక్క

"కొంచెం పైకి... ఇంకొంచెం... ఒరేయ్ నర్దూ, అది పంకా రెక్కరా, నీ బస్సు గేరు కాదు!"

చెన్సు అరుపుకి రేకుల షెడ్డంతా మోగింది.

బస్సు డ్రైవరు నర్దు పళ్లు బిగబట్టి, విమానం ముక్కున ఉన్న పంకాకి మూడో రెక్క తగిలించాడు. చుట్టూ ఉన్న నలుగురూ చప్పట్లు కొట్టారు. ఆ చెక్క రెక్కని చెక్కడానికి వాళ్లకి ఆరు శనివారాలు పట్టింది మరి.

రెండో ప్రపంచ యుద్ధంలో కూలి, మాల్టా దీవి దగ్గర సముద్రంలో నలభై ఏళ్లకు పైగా నానిన హరికేన్ యుద్ధవిమానం అది. శనివారాల్లో ఈ మిత్రులంతా చేరి దాన్ని బాగుచేస్తున్నారు. చేపల వలకి చిక్కి పైకొచ్చినప్పుడు పంకాకి రెండు రెక్కలే ఉన్నాయి. మూడోది వల లాగేటప్పుడు విరిగి ఉంటుందని చెన్సు తేల్చేశాడు. ఓడల కార్ఖానాలో ముప్పై ఏళ్లు డ్రాయింగులు గీసి రిటైరైన మనిషి. ఆయనకి డ్రాయింగు చెప్పిందే వేదం.

"దానికి రెండే కదా నాయనా?"

అందరూ గుమ్మం వైపు తిరిగారు. చేతిలో టోపీ పట్టుకుని ఎవరో ముసలాయన.

"చెన్సూ, ఎనిమిదో ఆయన వేంచేశాడు!" అన్నాడు నర్దు.

షెడ్డు షెడ్డంతా గొల్లుమంది.

వాళ్ల నవ్వుకి కారణం ఉంది. ఆ విమానం నడిపిన పెల్ దొర బతికే ఉన్నాడు. కూలిన రోజు ఎవరో జాలరి తెడ్లేసుకుంటూ వచ్చి, ఆయన్ని పడవలోకి లాగి, ఒడ్డున దింపి, పేరైనా చెప్పకుండా పోయాడు. ఇంగ్లండు నుంచి ప్రతి క్రిస్మస్‌కీ పెల్ ఉత్తరం రాస్తాడు. 'ఆ మనిషి దొరికాడా? నాకూ వయసైపోతోంది. ఒక్కసారి ఆయన చెయ్యి పట్టుకోవాలి.'

ఆ ఉత్తరాలు చూసి చెన్సు ఊరుకోలేకపోయాడు. పేపర్లో ప్రకటన వేయించాడు. ఏడుగురు వచ్చారు. ఏడుగురూ 'నేనే' అన్నారు. అందులో ఒకడికి యుద్ధం నాటికి నాలుగేళ్లు. ఇంకొకడు విమానం తోక దగ్గర నిలబడి, పైలట్ ఇక్కడే కూర్చున్నాడని కళ్లు తుడుచుకున్నాడు. విమానం గురించి ఒక్క ముక్క తప్పు చెప్పినా అబద్ధాలకోరే అని చెన్సు అప్పుడే గీత గీసేసుకున్నాడు.

"డ్రాయింగులో మూడున్నాయి పెద్దాయనా. మీకేం కావాలి?"

ముసలాయన టోపీ నలిపాడు.

"ఏం లేదు నాయనా. ఊరికే చూద్దామని."

చూద్దామని వచ్చిన మనిషి అరగంటలో తీగబ్రష్ అందుకుని తుప్పు గీకడం మొదలెట్టాడు. పేరు తుమాస్.

ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చాడు. వస్తూ వస్తూ వేడి వేడి పస్టిత్సీ పఫ్‌లు పొట్లం కట్టించుకొచ్చేవాడు. జున్ను కూరినవి నర్దుకి, బఠానీవి మిగతావాళ్లకి.

"ఉప్పు తిన్న ఇనుముని తొందరపెట్టకూడదు. బతిమాలాలి," అనేవాడు.

"మా ఆవిడతో కూడా అంతే బాబాయ్," అనేవాడు నర్దు.

"నీ మొహానికి ఇనుమే నయం, ఎదురు చెప్పదు."

పని మొదలెట్టే ముందు నర్దు ఒక ప్రశ్న అడిగి తీరాలి.

"తుమాస్ బాబాయ్, ఇవాళ రెక్కలెన్ని?"

"మీరెన్ని పెడితే అన్ని నాయనా."

అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. ఆయన రాని శనివారం షెడ్డులో ఎవరికీ పని సాగేది కాదు.

ఒకరోజు గ్లాసుల్లో టీ తాగుతూ చెన్సు అడిగాడు.

"నువ్వూ జాలరివేగా బాబాయ్. ఆ రోజుల్లో ఎవర్నైనా కాపాడావా?"

"నీళ్లలో పడ్డవాణ్ణి చూస్తూ ఎవడు పోతాడు?"

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"నోరు తెరిస్తే మీ నర్దు ఎనిమిదో నంబరిస్తాడుగా!"

చెన్సు పగలబడి నవ్వాడు. అంతటితో ఆ మాట వదిలేశాడు.

మూడేళ్లు గడిచాయి. ఈస్టరు ముందరి ఉపవాసాల్లో ఒక తెల్లవారుజామున తుమాస్ నిద్రలోనే పోయాడు. కబురు తెలిసి నర్దు బస్సు పక్కకి ఆపి, ప్రయాణికులు చూస్తున్నా సరే వెక్కి వెక్కి ఏడ్చాడు.

మరుసటి నెలలో విమానం సిద్ధమైంది. పెల్ దొర చేతికర్ర పట్టుకుని ఓడ దిగాడు. నేరుగా షెడ్డుకే వచ్చి, విమానం చుట్టూ తడుముకుంటూ తిరిగి, పంకా ముందు ఆగాడు.

"మూడా? మూడోది ఎవరు పెట్టారు?"

"డ్రాయింగులో ఉంది కదా సార్," అన్నాడు చెన్సు.

"అది తయారైన నాటి సంగతి. కూలిన రోజు గాల్లోనే ఒకటి ఎగిరిపోయింది. అందుకే ఇంజను ఆపేసి నీళ్ల మీద దించాను."

"ఉత్తరాల్లో రాయలేదేం సార్?"

"మీరు అడగలేదుగా." పెల్ నవ్వాడు. "ఆగిన పంకాతో తన తలమీదుగానే వెళ్లానని సైగ చేశాడు ఆ జాలరి. అతని భాష నాకు రాదు. పడవలో నన్ను పడుకోబెట్టి, పంకాలా చెయ్యి తిప్పి చూపించి, ఇలా రెండు వేళ్లెత్తి ఒకటే నవ్వు! ఆ నవ్వుకే నాకు ప్రాణం లేచొచ్చింది."

నర్దు చేతిలోని పాత గుడ్డ జారిపోయింది. చెన్సు డ్రాయింగుల చుట్టని బల్ల మీద పెట్టేశాడు.

పెల్ ఇద్దరి మొహాల్లోకీ ఆశగా చూశాడు.

"ఏమిటి? దొరికాడా ఆయన?"

"దొరికాడు సార్," అన్నాడు చెన్సు, "మూడేళ్లు ప్రతి శనివారం మీ విమానం తుప్పు గీకి, పోయిన నెలే మా భుజాల మీద వెళ్లిపోయాడు."