గిటారుకు బెజ్జం

"పాతదానికే పికప్ పెట్టిస్తే చాలు, తీగల చప్పుడంతా అందుకుని స్పీకర్లో దీని గొంతు మోగించేస్తుంది," అన్నాడు మొఖ్రాన్, గిటారును దుకాణం బల్లమీద మెల్లగా దించుతూ.

"వద్దు. పికప్‌తోనే వచ్చే కొత్తది కొను," అంది జెడ్జిగా అనే అతని భార్య. "మన తిజి ఊజూ ఊళ్ళో పెళ్ళిళ్ళ డప్పుల మోతకి ఈ ముసలిది ఎక్కడ తట్టుకుంటుంది?"

ఆమె కోపం గిటారు వయసు మీద కాదు. దాన్ని ఇచ్చింది ఉవార్దియా, ఒకప్పుడు అతనితో నిశ్చితార్థమైన పిల్ల. ఆ సంబంధం చెడినప్పుడు ఆచారం ప్రకారం ఇరువైపుల కానుకలూ వెనక్కి వెళ్ళాయి, తేనె జాడీతో సహా. గిటారు ఒక్కటే దారి మరిచిపోయింది.

"పికప్ అంటే కింద బెజ్జం వెయ్యాలి," అన్నాడు మరమ్మతుల అక్లీ. "వేశాక మళ్ళీ పూడదు."

మొఖ్రాన్ ముఖం పాలిపోయింది. "అయితే కొత్తదే కొంటా బాబాయ్. పెళ్ళిళ్ళకి అది మోసుకెళ్తా. దీన్ని పడగ్గదిలో, మంచానికి ఎదురుగా తగిలిస్తా. గీత పడకుండా చూసుకుంటా."

జెడ్జిగా ఆ గోడను తలుచుకుంది. రోజూ పొద్దున్నే కళ్ళు తెరవగానే ఉవార్దియా. దానికన్నా పెళ్ళిపందిళ్ళలో చెమటా దుమ్మూ తాగి అరిగిపోయే గిటారే నయమనిపించింది.

"కొత్తది దండగ," అంది. "బాబాయ్, బెజ్జం కాస్త పెద్దదే వెయ్యి. కదలకుండా నేను పట్టుకుంటాను."