రెండేళ్ల తర్వాతి భోజనం

కాలేజీ మారాలా వద్దా అన్నది ఎంతకీ తేలక, ఆదివారం మధ్యాహ్నం సౌగంధి, ఏ దారి పడితే ఎలా ఉంటామో చూపించే ముందుచూపు పెట్టె మీట నొక్కింది. ఈ రోజుల్లో ఇల్లు మారాలన్నా అందరూ చేసే పనే అది. రెండేళ్ల తర్వాతి సౌగంధి రెండు వెలుగుబొమ్మలుగా భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. ఒకతె తణుకులోనే కంప్యూటర్ల చదువులో ఉండిపోయిన పిల్ల. రెండోది బందరు వెళ్లి సముద్రజీవుల చదువులో చేరిన పిల్ల.

బొమ్మలు తినవని తెలిసినా అమ్మ ఇద్దరికీ కంచాలు పెట్టి వడ్డించింది. ఎదురుగా మనిషి కూర్చుంటే పెట్టకుండా ఉండటం ఆవిడ వల్ల కాదు.

"చదువెలా ఉందమ్మా?" అన్నాడు నాన్న. కూతురు ఊళ్లోనే ఉండాలని ఆయన కోరిక.

"బాగానే ఉంది నాన్నా," అని ఊరుకుంది తణుకు పిల్ల.

బందరు పిల్ల మాత్రం పీత పాత డొప్ప విడిచే సంగతి ఎత్తుకుని ఆపితే ఒట్టు. నాన్న కలిపిన ముద్ద చేతిలోనే ఎండిపోయింది.

"మరి కొత్త డొప్ప గట్టిపడేదాకా ఎక్కడ దాక్కుంటుందే అది?" అన్నాడాయన.

సౌగంధికి నవ్వొచ్చింది.

అమ్మ తణుకు పిల్ల కంచం తీసేసి, బందరు పిల్ల పప్పన్నంలో ఇంకో చెంచా నెయ్యి వేసింది.

"మాటల్లో పడి అన్నం మానేయకే. అక్కడ నేనుండనుగా!"