ఒక్క మూత మందు

గ్లాసులో గింజలు చచ్చిపోయాయని ఆమెకు నాలుగో రోజే తెలిసిపోయింది. చంపింది తనే కాబట్టి.

మూడో తరగతి చదివే కూతురు బడి నుంచి తెచ్చిన గ్లాసు అది. అడుగున తడి దూది, దూదిలో ఐదు చిక్కుడు గింజలు. పది రోజులు ఇంట్లో పెట్టి, రోజూ ఏం కనబడితే అది నోటుపుస్తకంలో రాయమంది టీచరమ్మ. పదో రోజున బడిలో ప్రదర్శన. తల్లులు, తండ్రులు అందరూ రావాలి.

గ్లాసు కిటికీ గట్టు మీద పెడుతూనే కూతురు హుకుం జారీచేసింది.

"అమ్మా, నువ్వు దీన్ని అస్సలు ముట్టుకోకు. నీళ్ళు కూడా నేనే పోస్తా."

ముట్టుకోకుండా ఉండడం ఆమె వల్ల కాలేదు. ఆ కిటికీ కిందే చంటివాడి ఊయల. తడి దూది, దోమలు, క్రిములు... ఒకసారి ఆలోచన మొదలైతే ఆమెకు ముద్ద దిగదు. రెండో రోజు కూతురు బడికి వెళ్ళగానే, వాడి గుడ్డలు నానబెట్టే క్రిముల మందు ఒక్క మూత దూది మీద పోసింది. హమ్మయ్య అనుకుంది.

నాలుగో రోజు ఎదురింటి టైలరక్క గుమ్మంలోంచే కేకేసింది. వాళ్ళమ్మాయి గ్లాసులో అప్పుడే మొలకలొచ్చాయట, చూసి పొమ్మంది. పిల్లలిద్దరిదీ ఒకే తరగతి. ఆమె వెళ్ళి చూసింది. తిరిగొచ్చి తమ గ్లాసు చూసింది. గింజలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

కూతురి నోట్లో మాత్రం బడిలో కొత్తగా నేర్పిన ఇంగ్లీషు మాట ఒకటి నానుతోంది. స్ప్రౌట్. తమ్ముడి చిగురు మీద తెల్లగా కనబడితే పన్ను స్ప్రౌట్ అయిందంది. వీధి చివర ఉన్నట్టుండి లేచిన కొట్లు కూడా స్ప్రౌట్ అయ్యాయంది. అలా కూడా అనొచ్చని టీచరమ్మ చెప్పిందట. బస్సు డ్రైవరైన తండ్రి డ్యూటీ దిగొచ్చి, టోపీ తీసి బట్టతల వంచాడు.

"ఇక్కడేమైనా స్ప్రౌట్ అయ్యే సూచన ఉందేమో చూడు తల్లీ."

కూతురు స్కేలు పెట్టి కొలిచి మరీ లేదంది. ఇల్లంతా నవ్వింది, ఆమె తప్ప. లోకంలో అన్నీ మొలుస్తున్నాయి, ఆ ఐదు గింజలే మొలవడం లేదు.

సాయంత్రం కాగానే కూతురు గ్లాసు ముందు కూర్చునేది. ఐదు గింజల బొమ్మ గీసేది. కింద "మొలక రాలేదు" అని రాసి, ఎర్ర పెన్సిలుతో గీత కొట్టేది. ఏడ్చేది కాదు. ఎదురింటి పిల్ల గ్లాసు చూసినా మూతి ముడిచేది కాదు. ఏడ్చినా బాగుండునని ఆమెకు అనిపించేది. ఎనిమిదేళ్ళ పిల్ల అంత బాధ కడుపులో దాచుకుంటోందంటే ఏ తల్లి తట్టుకుంటుంది? కూతురు స్నానాలగదిలో ఏదో తనలో తనే చెప్పుకునేది. ఆమె తలుపు తడితే టక్కున ఆపేసేది.

ఐదో రోజు ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఎందుకు రాలేదంటావే మొలక?"

కూతురు ఆమె ముఖంలోకి చూసింది.

"నాకు తెలుసు. కానీ చెప్పను."

మందు పోసిన సంగతి పసిగట్టేసిందా? అమ్మను పట్టివ్వలేక దిగమింగుకుంటోందా?

భర్తతో చెబితే, పిల్లతో చెప్పెయ్, ఆ మాత్రానికి కొంప మునుగుతుందా అన్నాడు. రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ వేరే ఏదో అడిగేసింది. చదువు మధ్యలో ఆగిపోయిన తను, పిల్ల చదువు కూడా పాడు చేసిందని ఎలా ఒప్పుకోవడం? ఆ సాయంత్రమే వంటింటి డబ్బాలోంచి గుప్పెడు చిక్కుడు గింజలు తీసి, తడిగుడ్డలో కట్టి, గ్యాస్ బండ వెనక దాచింది. రోజుకు మూడుసార్లు చూసుకుంది. అవి మొలిచాయి.

పదో రోజు ఉదయం కూతురు స్నానానికి వెళ్ళగానే గ్లాసు దించింది. పాత గింజలు వేళ్ళ మధ్య పిండిలా నలిగిపోయాయి. పులిసిన కంపు. ఒక్క మూత మందుకే ఇంత పని జరిగిందా అనుకుంది. మంచి మొలకలు ఐదు ఏరి దూదిలో గుచ్చింది. గ్లాసు చుట్టూ, పైనా కాగితం కప్పి రబ్బరుబ్యాండు వేసింది. దారిలో ఒలికిపోతుంది, అక్కడికి వెళ్ళాకే విప్పమంది.

"నేనూ స్టేజి మీదే విప్పుతా" అంది కూతురు. "ముందే చూపించేస్తే ఇంకేముంది?"

బడి హాల్లో రెండో వరసలో, చంటివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్క కుర్చీలో టైలరక్క. ముందు ఆవిడ కూతురు వచ్చి పచ్చటి మొలకలు చూపించింది. చప్పట్లు. తర్వాత తన కూతురు మెట్లెక్కింది. జనంలో అమ్మను వెతుక్కుని ఒక్క నవ్వు నవ్వింది. ఇన్నాళ్ళకు ఆమెకు ఊపిరి నిండుగా ఆడింది. తప్పు దిద్దుకున్నాననుకుని, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కూతురు రబ్బరుబ్యాండు తీస్తుండగా టీచరమ్మ మైకు అందుకుంది.

"ఈ అమ్మాయికి మాత్రం గింజలు ఉడకబెట్టి ఇచ్చాను, ఆ సంగతి పది రోజులు ఇంట్లో అమ్మకి కూడా చెప్పకుండా దాచుకుని, అలాంటి గింజ ఎన్నాళ్ళున్నా ఎందుకు మొలవదో ఇప్పుడు మీకు చూపించబోతోంది."