ఫిర్యాదు లేని ఉపాధ్యక్షుడు

"ఈ ప్రపంచ లడాయిల ఓటుచీటీలకు కాగితమే దొరకకపాయె, వచ్చేసారి పదకొండు పదవులకు ఓట్లెందుకు? అధ్యక్షుణ్ణొక్కణ్ణే ఎన్నుకుందాం, మిగతావాళ్లను ఆయనే పెట్టుకుంటడు," అన్నాడు రామచందర్, ఆబిడ్స్ దుకాణదార్ల సంఘం సమావేశంలో.

తన పదవికి ఎసరొస్తే కోశాధికారి జనార్దన్‌కు ప్రజల హక్కులు గుర్తొస్తాయి.

"గట్లెట్ల? నేనైతే ఒక్కొక్కరిని ఆలోచించి ఎన్నుకుంట. ఉపాధ్యక్షుడు సదాశివనే చూడున్రి, మొన్న మళ్ల గెలిపిస్తిమి. ఏడాది సంది ఆయన మీద ఒక్క ఫిర్యాదు లేదు!"

చప్పట్లు మోగాయి. అవి ఆగేదాకా గుమ్మంలో ఆగి, సదాశివ భార్య సౌభాగ్య లోపలికొచ్చింది.

"గెలిచిండని మీరు పంపిన పూలదండ ఆయన ఫోటోకేసిన, అన్నా," అంది మెల్లగా. "పోయి ఏడాదాయె, జర ఇప్పుడన్న సెలవియ్యున్రి. పాడె మోసినోళ్లల్ల మీరు గూడ ఉన్నరు గద!"

జనార్దన్ చెయ్యి తన భుజాన్ని తడుముకుంది.