వెర్నన్ జాలి

ఎల్మర్ పొగాకు రసం తుపుక్కున ఉమ్మి, మా ఆయన తుపాకీ గొట్టంలోకి కడ్డీ దించాడు. మా క్లబ్బులో కొత్తవాళ్ళకు చెకుముకి తుపాకీ కాల్చడం నేర్పేది ఈ రోత మనిషే, ఏం చేస్తాం!

"లోపల గుండుంది," అన్నాడు.

"ఉండదూ మరి! పెళ్ళికి ముందు మా వెర్నన్ దుప్పికి గురిపెట్టాడు. దాని కళ్ళు చూసి జాలేసి, కాల్చకుండా దించేశాడు. ముప్పై ఏళ్ళుగా ఇది గోడ దిగలేదు. నేను దుప్పి మాంసం వండనూ లేదు."

ఎల్మర్ గుండు బయటికి లాగి, గొట్టం బోర్లించాడు. తుపాకిమందు చిటికెడైనా రాల్లేదు. చెకుముకి కింద నిప్పురవ్వ పడే చిన్న పళ్ళేన్ని వేలితో తుడిచి చూపించాడు. అంతా మసి.

"జాలా, పాడా! మీట నొక్కనే నొక్కాడు. పళ్ళెంలో మందు భగ్గుమంది. గొట్టంలో పోయడం మరిచిపోయి, ఉత్త గుండు దించాడు. ఇంకేం పేలుతుంది? కొత్తవాళ్ళందరూ చేసే పనేలే."

ప్రతి థాంక్స్‌గివింగ్ భోజనం దగ్గరా అదే కథ, అవే తడికళ్ళు. ఛీ!

దుప్పుల్ని చంపే మనిషితో కాపురమేమిటని ఎల్మర్‌ను కాదని, ఆ జాలిని చూసి వెర్నన్‌ను చేసుకున్నాను.